స్ప్లెండర్ ఇంజన్ మళ్లీ కడుతున్నా: హెడ్ నట్లు, కవర్ బోల్టులు ఎంత బిగించాలి? ఆయిల్ రాయాలా, పొడిగానా?

పిస్టన్_పిన్ను (ప్రశ్న)

పాత స్ప్లెండర్, 97.2 సీసీ. పొగ ఎక్కువై కంప్రెషన్ పడిపోవడంతో ఇంజన్ పైభాగం మొత్తం ఇంట్లోనే విప్పాను. బ్లాక్ బోరింగ్ అయింది. ఓవర్‌సైజ్ పిస్టన్, రింగులు వచ్చాయి. హెడ్ లేత్ షాపులో వాల్వు సీటింగ్ చేయించుకుని తెచ్చాను. ప్యాకింగ్ సెట్టు కొత్తది. ఇక బిగించడమే మిగిలింది. ఆపేసిన సందేహాలు ఇవీ:

హెడ్ పట్టే నాలుగు ఎం8 (8 మి.మీ. మర) స్టడ్లలో (రెండు కొసలా మర ఉండే, తల లేని కడ్డీలు) ఒకటి, నట్టు విప్పబోతే నట్టు ఊడకుండా స్టడ్డే క్రాంక్‌కేసులోంచి బయటికొచ్చింది. దాన్ని తిరిగి ఎంత లోతు ఎక్కించాలి, ఎంత బిగించాలి?

క్లచ్ కవర్ బోల్టు రంధ్రాల్లో ఒకదానికి క్రాంక్‌కేసు వైపు మర పోయింది. ఎం6 బోల్టు తిరుగుతూనే ఉంది, పట్టడం లేదు.

మరల మీద ఆయిల్ రాసి బిగించాలని కొందరు, చుక్క నూనె కూడా ఉండకూడదని కొందరు అంటున్నారు. ఏది నిజం?

లాక్‌టైట్ 243 (మర వదులవకుండా పట్టే జిగురు) ఒక చిన్న సీసా ఉంది. ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు?

నా దగ్గరున్నది అర అంగుళం డ్రైవ్ టార్క్ రెంచి, స్కేలు 28 నుంచి 210 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు). సరిపోతుందా?

లేత్_బెంచి

రెంచితో మొదలుపెడదాం, ఎందుకంటే మీ ఇంజన్‌కి ఎక్కువ నష్టం చేయగలిగేది అదే. కవర్ల ఎం6 బోల్టుకి కావలసింది 10 ఎన్ఎం. మీ రెంచి 28 దగ్గర మొదలవుతుంది. "టిక్" కోసం ఎదురుచూస్తూ లాగితే టిక్ కన్నా ముందే అల్యూమినియం మర ఊడి బోల్టుకు చుట్టుకుని వస్తుంది. పైగా క్లిక్ రెంచీలకి చెప్పే నాలుగు శాతం అటూఇటూ ఖచ్చితత్వం స్కేలు అడుగు భాగానికి వర్తించదు. గరిష్ఠ అంకెలో ఐదో వంతు కిందికి పోతే దాని మాట నమ్మడానికి లేదు. ఈ పనికి పావు అంగుళం డ్రైవ్, 5–25 ఎన్ఎం రెంచి కొనండి. హెడ్ నట్లు, కవర్ బోల్టులు, స్పార్క్ ప్లగ్గు అన్నీ అందులోనే అయిపోతాయి.

ఇంకో పొరపాటు చాలామందికి జరుగుతుంది. పానా నంబరు వేరు, బోల్టు సైజు వేరు. 8 నంబరు గానీ 10 నంబరు గానీ పానా పట్టే బోల్టు సాధారణంగా ఎం6. 12 నంబరు ఫ్లాంజ్ బోల్టు ఎం8. పానా మీద 10 చూసి ఎం10 అనుకుని, చార్టులో ఎం10 అంకె వెతికి బిగిస్తే బోల్టు తెగుతుంది. కాలిపర్‌తో మర బయటి వ్యాసం కొలిచి నిర్ణయించుకోండి.

ఇప్పుడు ఆయిల్ సంగతి. బోల్టు బిగించడం అంటే దాన్ని కొద్దిగా సాగదీయడం. సాగిన బోల్టు వెనక్కి లాక్కునే బలమే హెడ్‌ని ప్యాకింగ్ మీద నొక్కి పడుతుంది. మనకి కావలసింది ఆ బలం. రెంచి మాత్రం తిప్పడానికి పట్టిన శ్రమనే కొలుస్తుంది. ఆ శ్రమలో దాదాపు సగం నట్టు అడుగు ముఖం రాపిడికి పోతుంది, ఇంకో 40 శాతం దాకా మర రాపిడికి పోతుంది. బోల్టుని సాగదీసేది మిగిలిన పదో వంతే. అందుకే రాపిడి కాస్త మారినా ఫలితం చాలా మారుతుంది.

లెక్క వేసి చూపిస్తాను. టార్క్ అంటే రాపిడిని బట్టి మారే ఒక గుణకం, బోల్టు వ్యాసం, బిగింపు బలం, ఈ మూడింటి గుణకారం. గుణకం పొడి స్టీలు మరకి సుమారు 0.20, ఆయిల్ రాస్తే సుమారు 0.15. ఎం8 మీద 20 ఎన్ఎం పొడిగా పెడితే బోల్టు సుమారు 1,270 కిలోల బలంతో పడుతుంది. అదే 20 ఆయిల్ మీద పెడితే 1,700 కిలోలు. ఇక 25 ఎన్ఎం ఆయిల్ మీద పెడితే 2,120 కిలోలకు చేరుతుంది. 8.8 గ్రేడ్ (స్టీలు బలం గుర్తు) ఎం8 బోల్టు శాశ్వతంగా సాగిపోకుండా మోయగలిగే హద్దు సుమారు 2,160 కిలోలు. అంటే పొడి అంకెని ఆయిల్ మర మీద పెట్టేసరికి బోల్టు అంచు మీద నిలబడ్డట్టే.

కాబట్టి ఎవరో చెప్పిన అంకె వినగానే మొదటి ప్రశ్న, అది పొడి మరకా ఆయిల్ మరకా అన్నది. హోండా తరహా సర్వీస్ మాన్యువల్స్‌లో హెడ్ నట్ల పక్కన చిన్న గుర్తుతో "మరకి, కూర్చునే ముఖానికి ఇంజన్ ఆయిల్ రాయాలి" అని తరచు ఉంటుంది. ఆ గుర్తు ఉంటే రెండు చోట్లా పలచగా రాయండి. గుర్తు లేనివి శుభ్రంగా, పొడిగా. మీ మోడల్ మాన్యువల్లో ఉన్నదే చివరి అంకె. సాధారణ హద్దులు తెలియాలంటే: అల్యూమినియంలోకి పోయే ఎం6 కి 8–10 ఎన్ఎం, ఎం8 కి 18–22. ఆయిల్ డ్రెయిన్ బోల్టు ఎం12 అయితే 25 దాటించకండి, వాషరు మాత్రం కొత్తది వేయండి. 10 మి.మీ. మర స్పార్క్ ప్లగ్గుకి 10–12.

కొన్ని కాగితాల్లో అంకెలు కేజీ మీటర్లలో ఉంటాయి. 1 కేజీ మీటరు అంటే 9.8 ఎన్ఎం. బయటి దేశాల నుంచి తెప్పించిన రెంచీల మీద అడుగు పౌండ్లు ఉంటాయి, ఒకటి 1.36 ఎన్ఎం. అంగుళం పౌండ్లు వేరే, అడుగు పౌండ్లు వేరే. వాటి మధ్య తేడా పన్నెండు రెట్లు.

కరీంనగర్_రైడర్

చిన్న రెంచి వచ్చేదాకా ఆగలేకపోతే ఒక పద్ధతి ఉంది అన్నా. సామాను తూచే కొక్కెం త్రాసు, డిజిటల్‌ది, తీసుకో. రింగు పానా నట్టు మీద పెట్టి, నట్టు మధ్య నుంచి సరిగ్గా 20 సెం.మీ. దగ్గర గుర్తు పెట్టి అక్కడ కొక్కెం తగిలించు. పానాకి నిటారుగా, 90 డిగ్రీల్లో లాగు. 10 కిలోలు చూపిస్తే 2 కేజీ మీటర్లు, అంటే 19.6 ఎన్ఎం. 5 కిలోలైతే 9.8, ఎం6 కి సరిపోయింది. పక్కకి వాలి లాగితే లెక్క తప్పుతుంది, కుదుపుతో లాగినా తప్పుతుంది. మెల్లగా, ఒకే తీరుగా లాగాలె. పానా పొట్టిగుంటే 10 సెం.మీ. దగ్గర పెట్టి కిలోలు రెట్టింపు చేసుకో.

క్లిక్ రెంచి కొన్నాక కూడా గుర్తుంచుకో: ఒక్క టిక్ చాలు. నమ్మకం కోసం ఇంకోసారి, ఇంకోసారి టిక్ అనిపిస్తే ప్రతిసారీ కొంచెం ఎక్కువ తిరుగుతది. పని అయినాక స్కేలుని అడుగు అంకెకి తెచ్చి పెట్టెలో పెట్టు, స్ప్రింగు మీద బరువు ఉంచకు.

టార్క్_తెనాలి

స్టడ్ గురించి చెప్తానండీ. నట్టుతో పాటు వచ్చేసిన స్టడ్ని అలాగే వెనక్కి తిప్పి పెట్టేయకండి. ముందు నట్టుని దాన్నుంచి విడదీయాలి. వైస్ దవడల మధ్య రాగి గానీ అల్యూమినియం గానీ రేకు పెట్టి, మర లేని నడుము భాగం పట్టి, నట్టుని కొంచెం వేడి చేసి విప్పండి. మర మీద ప్లయర్ పళ్ల గుర్తులు పడితే ఆ స్టడ్ పనికిరానట్టే. విప్పాక స్టడ్ని అద్దం మీద దొర్లించి చూడండి. వంగి ఉన్నా, మర మధ్యలో పిచ్ సాగి సన్నబడి ఉన్నా కొత్తది వేయండి. మంచి స్టడ్‌ని పక్కన పెట్టి పోల్చితే తేడా తెలుస్తుంది.

క్రాంక్‌కేసు రంధ్రం శుభ్రం చేయడం అన్నిటికంటే ముఖ్యం. అది అడుగు మూసి ఉన్న రంధ్రం అయితే, లోపల నూనె గానీ కిరోసిన్ గానీ నిలిచి ఉండగా స్టడ్ దింపితే, ఆ ద్రవానికి పోయే దారి ఉండదు. ద్రవం నొక్కుకోదు కాబట్టి ఒత్తిడి అంతా కాస్టింగ్ మీద పడి పగులు వస్తుంది. బ్రేక్ క్లీనర్ కొట్టి, గాలితో ఊది, సన్నటి కర్రకి గుడ్డ చుట్టి తడి పూర్తిగా తుడవండి. మరలో మట్టి ఉంటే కొత్త ట్యాప్ (మర కోసే పనిముట్టు) దింపకండి, అది లోహాన్ని కూడా కోసి మరని వదులు చేస్తుంది. పాత ఎం8 బోల్టుకి నిలువుగా రెండు గాడులు రంపంతో కోసి, దాన్ని చేత్తో లోపలికీ బయటికీ తిప్పితే చాలు.

ఎక్కించడానికి స్టడ్ పై మర మీద రెండు నట్లు ఒకదాన్నొకటి బిగించి పట్టుకోండి. పై నట్టుతో లోపలికి, కింది నట్టుతో బయటికి తిప్పవచ్చు. స్టడ్‌ని క్రాంక్‌కేసులో బలంగా బిగించాల్సిన అవసరం లేదు. చేత్తో అడుగు దాకా దింపి, కొద్దిగా ఆనిస్తే సరి. పట్టి ఉంచే బలం పైన నట్టు బిగించినప్పుడు వస్తుంది. కింద బలంగా బిగిస్తే అల్యూమినియం మర అప్పుడే అలిసిపోతుంది.

ఇప్పుడు ఎత్తు కొలవాలి. నాలుగు స్టడ్లూ క్రాంక్‌కేసు ముఖం నుంచి ఎంత పైకి ఉన్నాయో కాలిపర్‌తో చూడండి. మీరు ఎక్కించినది మిగతా వాటి జోడీకి సమానంగా ఉండాలి. ఇది ఎందుకంటే హెడ్ నట్లు డోమ్ నట్లు, వాటి తల మూసి ఉంటుంది. స్టడ్ ఎక్కువ పైకి ఉంటే దాని కొస డోమ్ లోపలి తలకి తగిలి ఆగిపోతుంది. రెంచి టిక్ అంటుంది, అంకె సరిగ్గా వస్తుంది, కానీ హెడ్ మీద బిగింపు ఉండదు. పది రోజుల్లో ప్యాకింగ్ ఊదుతుంది. హెడ్, వాషరు పెట్టాక స్టడ్ వాషరు మీద ఎన్ని మి.మీ. పైకి వచ్చిందో కొలిచి, డోమ్ లోపలి లోతుతో పోల్చండి. లోతు కనీసం ఓ మిల్లీమీటరు ఎక్కువ ఉండాలి.

ఇంకొకటి. ఈ తరహా ఇంజన్లలో ఒక స్టడ్ పక్కనుంచి హెడ్‌కి ఆయిల్ పైకి పోతుంది. ఆ చోట సీలింగ్ వాషరు, మిగతా చోట్ల మామూలువి. విప్పేటప్పుడు గుర్తు పెట్టుకోకపోతే పార్ట్స్ బొమ్మ చూసి సరిచూసుకోండి. తారుమారైతే నట్టు చుట్టూ ఆయిల్ కారుతుంది, ఎంత బిగించినా ఆగదు. కారుతుందని ఇంకా బిగించడం, దాంతో స్టడ్ తెగడం, చాలా స్ప్లెండర్ల కథ ఇదే.

బిగించే వరస: నాలుగూ చేత్తో ఆనించండి. తర్వాత ఎదురెదురు మూలలుగా, ముందు 8 ఎన్ఎం, తర్వాత 15, చివరికి పూర్తి అంకె. ఒక మూల మొత్తం బిగించి రెండో మూలకి పోతే హెడ్ వాలుతుంది, ప్యాకింగ్ ఒక పక్క నలిగి ఇంకో పక్క వదులుగా ఉంటుంది. టైమింగ్ చెయిన్ వైపు ఉండే ఎం6 పక్క బోల్టులు చివర్లోనే. ముందే బిగిస్తే అవి హెడ్‌ని పక్కకి పట్టేసి కిందికి సమంగా కూర్చోనివ్వవు. విప్పేటప్పుడు ఇదే తిరగేసి.

అంతా చల్లటి ఇంజన్ మీదే. 100 మి.మీ. పొడవు, 100 డిగ్రీల వేడి అనుకుంటే అల్యూమినియం 0.23 మి.మీ. పెరుగుతుంది, స్టీలు 0.12 మాత్రమే. వేడి మీద బిగించిన నట్టు చల్లారాక వదులవుతుంది.

టాపెట్ గ్యాప్ (వాల్వుకీ దాన్ని నొక్కే స్క్రూకీ మధ్య ఖాళీ) హెడ్ పూర్తిగా బిగించాకే పెట్టండి. లాక్ నట్టు బిగిస్తుంటే స్క్రూ కూడా కొద్దిగా తిరుగుతుంది, అందుకని స్క్రూని పట్టుకుని నట్టు బిగించి, ఫీలర్‌తో (ఖాళీ కొలిచే సన్నటి రేకుతో) మళ్లీ చూడాలి. మళ్లీ చూడకుండా కవర్ మూయకండి.

లేత్_బెంచి

మర పోయిన ఎం6 రంధ్రానికి వెంటనే డ్రిల్లు ఎత్తకండి. ముందు సన్నటి తీగ దింపి రంధ్రం లోతు కొలవండి, ఆ తర్వాత బోల్టు ఎంత లోపలికి పోతోందో కొలవండి. బోల్టు చేరని చోట అడుగున మంచి మర మిగిలి ఉండటం మామూలే. అలా ఉంటే 5 మి.మీ. పొడవైన బోల్టు వేస్తే పట్టవచ్చు. అల్యూమినియంలో మర పట్టు బోల్టు వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి, అంటే ఎం6 కి 9 మి.మీ. రంధ్రం అడుగుకి తగలకుండా రెండు మూడు మి.మీ. ఖాళీ ఉండేలా పొడవు ఎంచుకోండి.

పట్టకపోతే హెలికాయిల్, అంటే పోయిన మర చోట కూర్చోబెట్టే స్టీలు తీగ చుట్ట. ఎం6×1.0 సెట్టు, పొడవు 9 మి.మీ. క్లచ్ వైపు అంతా గుడ్డతో కప్పి టేపు వేయండి, రజను లోపలికి పోతే ఆయిల్ పంపుకి చేరుతుంది. సెట్టులో ఇచ్చిన బిట్టే వాడండి, అది 6.2 లేదా 6.3 మి.మీ. ఉంటుంది. బిట్టుకి లోతు దగ్గర టేపు చుట్టి, మూలమట్టం పెట్టి నిటారుగా దింపండి. ఇక్కడ వాలితే బోల్టు జీవితాంతం వాలే ఉంటుంది. తర్వాత సెట్టులోని ట్యాప్. దాని గాడుల్లో గ్రీసు నింపితే రజను అందులో అంటుకుంటుంది. అల్యూమినియానికి కిరోసిన్ చుక్కలు వేస్తుండండి. ఒక చుట్టు ముందుకి, అర చుట్టు వెనక్కి. ఎం7 ట్యాప్ అందుబాటులో ఉందని దాంతో సర్దుకోకండి, మర కొలత వేరు, కాయిల్ నిలవదు.

కాయిల్ పై చుట్టు ముఖానికి పావు నుంచి అర చుట్టు లోపలికి దిగాలి. పైకి ఉబికి ఉంటే కవర్ కూర్చోదు. అడుగున ఉండే తోకని పంచ్‌తో ఒక్క దెబ్బలో విరవండి, విరిగిన ముక్కని బయటికి తీయండి. సరిగ్గా పడిన హెలికాయిల్ అసలు అల్యూమినియం మరకన్నా గట్టిగా ఉంటుంది, అక్కడ భయపడి తక్కువ బిగించనక్కర్లేదు.

లాక్‌టైట్ 243 మధ్యరకం, పానాతో విప్పవచ్చు. అది గాలి తగలని చోట, లోహం మధ్య ఇరుక్కున్నప్పుడే గట్టిపడుతుంది. మరని క్లీనర్‌తో తుడిచి, నట్టు కూర్చునే చోట ఒక చుక్క. పూర్తిగా పట్టడానికి 24 గంటలు. లోపల తిరిగే వాటికి, ఊడితే ఇంజన్‌లో పడే చిన్న స్క్రూలకి, మాన్యువల్ చెప్పిన చోట వాడండి. హెడ్ నట్లకి, డ్రెయిన్ బోల్టుకి, ప్లగ్గుకి, కవర్ బోల్టులకి వద్దు. ఎర్రరకం, 271 లాంటివి, ఈ ఇంజన్ పైభాగంలో ఎక్కడా అవసరం లేదు. వాటిని విప్పాలంటే సుమారు 250 డిగ్రీల వేడి కావాలి, పక్కన ఆయిల్ సీలు ఉంటే కాలిపోతుంది.

పిస్టన్_పిన్ను

చాలా ఉపయోగం. స్టడ్ మర బాగానే ఉంది, ఎత్తు మిగతా వాటికంటే 3 మి.మీ. ఎక్కువ వస్తోంది. అంటే అడుగుకి దిగలేదన్నమాట?

ఇంకో రెండు. కవర్ బోల్టులు మూడు నాలుగు పొడవుల్లో ఉన్నాయి, కలిసిపోయాయి. ఏది ఎక్కడిదో ఎలా తెలుస్తుంది? కొత్త ప్లగ్గుకి యాంటీసీజ్ (మర పట్టేయకుండా రాసే పేస్టు) రాయాలా?

టార్క్_తెనాలి

3 మి.మీ. అంటే రంధ్రం అడుగున ఏదో ఉందండీ. పాత మర ముక్క గానీ గట్టిపడిన మడ్డి గానీ. లేదంటే స్టడ్‌ని తలకిందులుగా పెట్టారు. రెండు కొసల మర పొడవు వేరుగా ఉంటుంది, మంచి స్టడ్‌తో పోల్చి చూడండి. సూదిలాంటి కొక్కెంతో గీరి, గాలి ఊది మళ్లీ దింపండి. పానాతో బలవంతంగా దింపకండి.

కరీంనగర్_రైడర్

కవర్ పెట్టి, బోల్టులన్నీ తిప్పకుండా రంధ్రాల్లోకి ఊరికే దించు. సరైన పొడవైతే తల కింద కవర్ ముఖానికి దాదాపు ఒకే ఎత్తు ఖాళీ మిగులుతది, 10–12 మి.మీ. ఒకటి బాగా పైకి నిలబడితే అది పొడవు రంధ్రంది, ఒకటి లోపలికి మునిగితే పొట్టిది. పొడవు బోల్టు పొట్టి రంధ్రంలో పెడితే అడుగుకి తగిలి కాస్టింగ్ పగులుతది, పొట్టిది పొడవు రంధ్రంలో పెడితే రెండు చుట్లే పట్టి మర పోతది. నీకు పోయిన రంధ్రం కూడా ఇట్లనే పోయుంటది. వచ్చేసారి అట్టముక్క మీద కవర్ ఆకారం గీసి, బోల్టు తీసిన చోటే గుచ్చి పెట్టు. రెండు డోవెల్ పిన్నులు (కవర్‌ని సరైన చోట నిలిపే చిన్న పిన్నులు) ఉన్నాయో లేవో చూసి కవర్ మూయి. పాత ప్యాకింగ్ బ్లేడుతో గీకేటప్పుడు ముఖం మీద గాటు పడొద్దు, గాటు పడితే ఎంత బిగించినా అక్కడ కారుతది.

లేత్_బెంచి

ప్లగ్గుకి యాంటీసీజ్ వద్దు. ఎన్‌జీకే వాళ్ల ప్లగ్గుల మర మీద పూత ముందే ఉంటుంది, రాయవద్దని వాళ్లే చెప్తారు. రాస్తే పైన చెప్పిన రాపిడి లెక్కే ఇక్కడ పనిచేసి, అదే టార్క్‌కి మర మీద లాగుడు పెరిగి ప్లగ్గు మెడ సాగుతుంది. హెడ్ చల్లగా ఉన్నప్పుడు, ప్లగ్గుకి రబ్బరు గొట్టం తగిలించి దాంతోనే మొదటి చుట్లు ఎక్కించండి. మర అడ్డంగా పడితే గొట్టం జారిపోతుంది, పానా అయితే హెడ్ మరనే కోసుకుంటూ పోతుంది. చేత్తో పూర్తిగా ఆనాక కొత్త వాషరున్న ప్లగ్గుకి సుమారు అర చుట్టు. ఒకసారి వాడి తీసిన ప్లగ్గు అయితే వాషరు అప్పటికే నలిగి ఉంటుంది కాబట్టి పన్నెండో వంతు చుట్టు చాలు.

కామ్ స్ప్రాకెట్ బోల్టులు బిగించే ముందు చెయిన్ గూట్లో గుడ్డ కుక్కండి. అవి చేజారితే నేరుగా క్రాంక్‌కేసులోకి పోతాయి, మళ్లీ కవర్ విప్పాలి.